తలనొప్పికీ ఒక హాజరు పట్టీ

చీమకుర్తి క్వారీలో రాయి పైకి రాగానే దానికి జరిగే మొదటి మర్యాద నంబరు వేయడం. క్రేను దించిన నల్లటి దిమ్మె పక్కన ఒకతను రంగు డబ్బా, కుంచె పట్టుకుని నిలబడతాడు. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి దిమ్మె ఒంటిమీదే రాసేస్తాడు. నల్లటి రాతిలో బంగారు రజను చల్లినట్టు మెరిసే ఈ గెలాక్సీ గ్రానైటు తర్వాత ఏ దేశంలో ఏ మేడకు నేలగా మారినా, అది పుట్టిన రోజు మాత్రం ఇక్కడి పుస్తకంలో ఉంటుంది. కూలీలకు హాజరు పట్టీ ఉంది. లారీకి తూకం చీటీ ఉంది. కంప్రెసరు తాగే డీజిలుకు లీటర్ల లెక్క ఉంది. ఇన్ని లెక్కలున్న ఊళ్లో లెక్కకు రానిది చొక్కా జేబులోని మాత్రల షీటు.

మధ్యాహ్నం రెండు దాటాక టీ కొట్టు దగ్గర ఈ మాటలు ఎవరైనా వినవచ్చు.

"ఏంది బావా, మళ్లీ పట్టుకుందా?"

"పొద్దున్నుంచీ కణతలు లాగేస్తన్నయ్యి."

"ఇంద, ఒకటి మింగి టీ తాగు. దెబ్బకు పోద్ది."

నిజంగానే పోతుంది. రేపు మళ్లీ వస్తుంది. ఎల్లుండి ఇంకొంచెం పొద్దున్నే వస్తుంది. ఆరు నెలలు తిరిగేసరికి, తలనొప్పి వస్తే మాత్ర వేసుకోవడం పోయి, రాకుండా ముందే మాత్ర వేసుకోవడం మొదలవుతుంది. ఆ మనిషిని ఎవరైనా "నెలలో ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నావు?" అని అడిగితే, "ఏదో అప్పుడప్పుడూ" అంటాడు. అబద్ధం చెప్పాలని కాదు. లెక్కపెట్టలేదు కాబట్టి తెలియదు. తలనొప్పి వైద్యంలో సగం చిక్కు ఈ "అప్పుడప్పుడూ" అనే మాటలోనే ఉంది.

ఒక గడప, రెండు తలనొప్పులు

ఇలాంటి ఇంటిని ఒకదాన్ని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు. మన చుట్టూ తరచూ కనిపించే రెండు రకాల తలనొప్పుల్ని ఒకే గడపలోకి తెచ్చి చెబుతున్నాను.

ఇంటాయన క్వారీలో కంప్రెసరు మీద పనిచేస్తాడు. తల చుట్టూ తాడు బిగించినట్టు, రెండు వైపులా, రోజంతా మందంగా నొప్పి. పని ఆపాల్సినంత ఉండదు కానీ వదలదు. ఇంటావిడ మిరపకోతలకు, పత్తితీతకు వెళ్తుంది. ఆమెకు నెలలో నాలుగైదు రోజులే వస్తుంది. వచ్చిందంటే మాత్రం ఒక పక్క కణత సమ్మెట పోటులా అదురుతుంది. వెలుతురు చూడలేదు, చప్పుడు భరించలేదు, చివరికి వాంతి అయితే గాని తెరిపిన పడదు. ఆమె అమ్మ దీన్ని "పైత్యం" అనేది. పక్కింటావిడ "పార్శ్వపు నొప్పి" అంటుంది. డాక్టర్లు మైగ్రేన్ అంటారు. తలకు గుడ్డ బిగించి, నుదుటికి శొంఠి పట్టు వేసుకుని, చీకటి గదిలో పడుకోవడం, తప్పకపోతే ఒక మాత్ర, ఇదే ఇన్నాళ్లూ ఆమె ఎరిగిన వైద్యం.

ఇద్దరూ వేసుకునేది ఒకే షీటులోని మాత్ర. కానీ ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ఆమెది పుట్టుకతో వచ్చిన గుణం. అతనిది, తర్వాత చూడబోతున్నట్టు, చాలావరకు ఆ మాత్ర పెట్టిన జబ్బు.

ఈ బాధ అరుదైనదేమీ కాదు. పొరుగున కర్ణాటకలో బెంగళూరు నిమ్హాన్స్ పరిశోధకులు పల్లెల్లోనూ పట్నంలోనూ ఇంటింటికీ తిరిగి 2,329 మందిని అడిగి, 2014లో లెక్కలు ప్రచురించారు. ఏడాదిలో ఒక్కసారైనా తలనొప్పి వచ్చినవారు 63.9 శాతం. మైగ్రేన్ లక్షణాలున్నవారు 25.2 శాతం, అంటే నలుగురిలో ఒకరు. నెలలో సగం రోజులకు తక్కువ కాకుండా తలనొప్పితో ఉండేవారు నూటికి ముగ్గురు. మైగ్రేన్ మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోవడం అందుకు ఒక పెద్ద కారణం.

బాహుబలి చూస్తుండగా శస్త్రచికిత్స

2017లో గుంటూరులో ఒక నర్సుకు మెదడు శస్త్రచికిత్స చేస్తూ, ఆమె మెలకువగా ఉండేందుకు ఎదురుగా బాహుబలి-2 సినిమా పెట్టారు. 2024లో కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకొకామె అదుర్స్ సినిమా చూస్తుండగా మెదడులో గడ్డను తీసేశారు. ఈ వార్తలు చదివి అందరూ ముక్కున వేలేసుకున్నారు. పుర్రె తెరిచి మెదడు కోస్తుంటే మనిషి సినిమా ఎలా చూడగలదు? చర్మానికి, పుర్రె పైపొరలకు మత్తు ఇస్తే చాలు కనుక. మెదడు పదార్థంలో నొప్పిని పసిగట్టే నరాల కొసలే లేవు. కాలి బొటనవేలికి ముల్లు గుచ్చుకుంటే కబురు అందుకునేది మెదడే. తనను తాను కోసినా దానికి తెలియదు.

మరి తలలో నొప్పెట్టేది ఏమిటి? మెదడును చుట్టి ఉండే పొరలు, వాటిలోని రక్తనాళాలు, మెడ కండరాలు, తలమీది కండరాలు. ముఖం నుంచీ, మెదడు పొరల నుంచీ నొప్పి కబుర్లు మోసే పెద్ద నరం ఒకటుంది. మెదడు కాండం దగ్గర పుట్టి కంటివైపు, పై దవడవైపు, కింది దవడవైపు మూడు కొమ్మలుగా చీలుతుంది. అందుకే దాన్ని ట్రైజెమినల్ అంటారు. మైగ్రేన్ అంటే మెదడు ఈ నరాన్ని అనవసరంగా రెచ్చగొట్టడం. రెచ్చిన నరం తన కొసల దగ్గర సీజీఆర్‌పీ అనే చిన్న ప్రొటీను ముక్కను విడుదల చేస్తుంది. అది రక్తనాళాలను ఉబ్బిస్తుంది, చుట్టుపక్కల నరాలను ఇంకా సున్నితం చేస్తుంది. అప్పుడు మామూలుగా తెలియని నాడి కొట్టుకోవడం కూడా సమ్మెట దెబ్బగా తెలుస్తుంది.

మిరప ఘాటు, అమృతాంజనం చలువ

ఈ నరం గురించి మిరప పండించే మన ప్రాంతానికి వేరే పాఠం అక్కర్లేదు. గుంటూరు మిర్చి యార్డులో అడుగుపెట్టిన కొత్త మనిషికి ముక్కు మండి, కళ్లలో నీళ్లు కారి, తుమ్ములు ఆగవు. ఆ మంటను మోసేది ఈ ట్రైజెమినల్ నరమే. మిరపలోని కాప్సైసిన్ ఏ తాళంలో దూరే తాళంచెవి అన్నది 1997లో అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. వేడి తగిలినప్పుడు తెరుచుకునే తలుపునే మిరప కూడా తెరుస్తుంది. అందుకే కారాన్ని మనం "మంట" అంటాం. మనది పోలిక అనుకున్నాం, నరానికి అది అక్షరాలా మంటే. ఆ తలుపు తెరుచుకున్నప్పుడు నరం కొసనుంచి బయటపడే పదార్థాల్లో సీజీఆర్‌పీ ఒకటి.

ఇక చల్లదనం. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టింది. తెలుగు పత్రికారంగానికి తలనొప్పి మందు పెట్టుబడి అయిందన్నమాట. ఆ పసుపు పచ్చటి లేపనం నుదుటికి రాయగానే చల్లగా అనిపిస్తుంది కానీ థర్మామీటరు పెట్టి చూస్తే చర్మం అంతగా చల్లబడదు. అందులోని మెంథాల్, చలిని పసిగట్టే తలుపును తెరుస్తుంది. 2002లో ఈ తలుపును జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ విడివిడిగా గుర్తించారు. 2021లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. అదే ఏడాది, మైగ్రేన్‌లో సీజీఆర్‌పీ పాత్రను బయటపెట్టిన నలుగురు శాస్త్రవేత్తలకు డెన్మార్క్‌లో ఇచ్చే బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. మిరపకాయ, అమృతాంజనం, ఒంటి కణత నొప్పి ఒకే నరం మీద కలుసుకుంటాయని తేలింది.

లేపనం జబ్బును నయం చేయదు. చల్లటి కబురు ముందు చేరితే నొప్పి కబురు కాస్త వెనకబడుతుంది, అంతే. కానీ దానికో గొప్ప గుణం ఉంది. అతిగా వాడితే కొత్త తలనొప్పిని పుట్టించే మందుల జాబితాలో దాని పేరు లేదు. మాత్ర విషయంలో ఆ మాట చెప్పలేం.

మాత్ర ఎప్పుడు పనిచేస్తుంది

దెబ్బ తగిలినచోట, వాచినచోట శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారుచేస్తుంది. అవి నరాలను "ఇంకొంచెం గట్టిగా అరువు" అని ఎగదోస్తాయి. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, నాప్రోక్సెన్, ఆస్పిరిన్ ఈ తయారీని ఆపుతాయి. ఆస్పిరిన్ అలా పనిచేస్తుందని 1971లో జాన్ వేన్ చూపించి, 1982లో నోబెల్ అందుకున్నాడు. పారాసెటమాల్ దారి కొంచెం వేరు. అది ఎక్కువగా మెదడు, వెన్నుపాములోనే పనిచేస్తుంది. నొప్పిని తగ్గిస్తుంది గాని వాపును పెద్దగా తగ్గించదు.

మైగ్రేన్‌కు మాత్ర పనిచేయలేదని చాలామంది అంటారు. మందు తప్పు కాకపోవచ్చు, వేసుకున్న వేళ తప్పు కావచ్చు. మైగ్రేన్ పెరిగేకొద్దీ పొట్ట కదలిక మందగిస్తుంది. మాత్ర పేగుల్లోకి దిగకుండా కడుపులోనే కూర్చుంటుంది, చివరికి వాంతిలో బయటికొస్తుంది. "ఓర్చుకుందాం, తగ్గకపోతే వేసుకుందాం" అనుకుని సాయంత్రందాకా ఆగిన మాత్ర ఇలా వృథా అవుతుంది. మొదటి గంటలోనే సరైన మోతాదు వేసుకోవాలి, అవసరమైతే వాంతి ఆపే మందుతో కలిపి. పూర్తి మోతాదు, తొందరగా, తక్కువ రోజులు. ఇదీ పద్ధతి. మనం చేసేది దీనికి తలకిందులు: సగం మాత్ర, ఆలస్యంగా, రోజూ.

ఇంకో చిక్కు పేర్లతో. తలనొప్పికి ఒక పేరుతో, జ్వరానికి ఇంకో పేరుతో, జలుబుకు మూడో పేరుతో కొన్న మాత్రలన్నిటిలోనూ పారాసెటమాలే ఉండవచ్చు. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటే ఆ గీత దగ్గరికి చేరినట్టే. మద్యం అలవాటున్నవారికి, కాలేయం జబ్బున్నవారికి ఆ గీత ఇంకా కిందే ఉంటుంది. షీటు వెనక చిన్న అక్షరాలు చదవడం, రాకపోతే బడికెళ్లే పిల్లల చేత చదివించుకోవడం ప్రాణం కాపాడే అలవాటు.

మందే తలనొప్పి అయినప్పుడు

స్వీడన్‌లో హుస్క్వార్నా అనే ఊరుంది. చీమకుర్తికి రాయి ఎలాగో ఆ ఊరికి తుపాకులు, యంత్రాలు తయారుచేసే కర్మాగారం అలాగ. 1918లో ప్రపంచమంతా ఫ్లూ జ్వరం కమ్మినప్పుడు అక్కడి డాక్టరు యోర్టన్ ఒక పొడి రాసిచ్చాడు. ఫెనాసెటిన్, ఫెనజోన్, కెఫీన్ కలిపిన పొట్లం. జ్వరాలు పోయినా పొట్లం పోలేదు. కార్మికులు తలనొప్పికీ, అలసటకూ, చివరికి ఊరికే కూడా వేసుకున్నారు. సిగరెట్టు ఇచ్చిపుచ్చుకున్నట్టు ఒకరికొకరు ఇచ్చుకున్నారు. పుట్టినరోజు కానుకగా కూడా ఇచ్చేవారట. దశాబ్దాల తర్వాత అక్కడి వైద్యుడు గ్రిమ్‌లుండ్ ఊళ్లో మూత్రపిండాలు పాడై చనిపోతున్నవారిని లెక్కపెట్టి, 1963లో ఆ పొడితో ముడిపెట్టాడు. స్విట్జర్లాండులో కంటికి దగ్గరగా పెట్టుకుని చిన్న చిన్న పళ్లచక్రాలు బిగించే గడియారాల కార్మికులదీ ఇదే కథ. ఫెనాసెటిన్‌ను తర్వాత చాలా దేశాలు మానేశాయి. "ఇంద బావా, ఒకటి మింగు" అనే మర్యాద మాత్రం మిగిలింది.

మూత్రపిండాల మాట తర్వాత. ముందు తల సంగతి. తరచూ నొప్పిమాత్రలు వేసుకుంటే మెదడులో నొప్పిని అణచే వ్యవస్థ బద్ధకిస్తుంది, నొప్పిని మోసే దారులు సున్నితమవుతాయి. మాత్ర ప్రభావం దిగిన ప్రతిసారీ నొప్పి తిరిగొస్తుంది. దాన్ని ఆపడానికి ఇంకో మాత్ర. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు.

అంతర్జాతీయ తలనొప్పి సంఘం 2018లో ఇచ్చిన కొలత ఇది: ముందే తలనొప్పి గుణమున్న మనిషికి నెలలో 15 రోజులు, అంతకుమించి తలనొప్పి ఉంటూ, మూడు నెలలకు పైగా మాత్రలు అతిగా వాడుతుంటే అది మందుల వల్ల వచ్చిన తలనొప్పి. "అతిగా" అంటే? ఒంటరి పారాసెటమాల్ లేదా ఐబుప్రొఫెన్ లాంటివైతే నెలకు 15 రోజులు. రెండు మూడు మందులు, కెఫీన్ కలిపిన మాత్రలు, మైగ్రేన్‌కు వాడే ట్రిప్టాన్లు, ట్రమడాల్ లాంటివైతే 10 రోజులే. గమనించాల్సింది, ఇక్కడ లెక్క మాత్రలది కాదు, రోజులది. ఒకే రోజు రెండు వేసుకుంటే ఒక రోజే. రోజుకు సగం చొప్పున ఇరవై రోజులు వేసుకుంటే ఇరవై రోజులు. మోకాళ్ల నొప్పులకు రోజూ ఇవే మాత్రలు వేసుకునే ముసలివాళ్లకు, ముందునుంచీ తలనొప్పి గుణం లేకపోతే, సాధారణంగా ఈ జబ్బు రాదు. నిప్పు ఉన్నచోటే ఈ గాలి మంటను రాజేస్తుంది.

రోహిణి కార్తెలో నొప్పిమాత్ర

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. ఆ ఎండలో, నల్లరాయి మీద, గోతిలో గాలి ఆడనిచోట పనిచేసేవాడికి రోళ్ల సంగతి పక్కన పెడితే, ఒంట్లో నీళ్లు ఇంకిపోతాయి. అప్పుడు మూత్రపిండాలకు వెళ్లే రక్తం తగ్గిపోకుండా ప్రోస్టాగ్లాండిన్లే ఆ రక్తనాళాన్ని తెరిచి పట్టుకుంటాయి. నొప్పి పెంచేవే ఇక్కడ కాపలాదార్లు. సరిగ్గా ఆ వేళలో డైక్లోఫినాక్ సూదో ఐబుప్రొఫెన్ మాత్రో పడితే కాపలా లేచిపోతుంది, మూత్రపిండం ఎండుతుంది. ఒకసారికి తట్టుకోవచ్చు. వేసవి అంతా, ఏళ్ల తరబడి అయితే కష్టం. ఇప్పటికే ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఏం చేస్తుందో చూసిన రాష్ట్రం మనది. ఎండన పడి వచ్చిన తలనొప్పికి మొదటి మందు నీడ, ఉప్పు వేసిన మజ్జిగ, అరగంట విశ్రాంతి. అప్పటికీ తగ్గకపోతే పారాసెటమాల్. డెంగీ అనుమానమున్న జ్వరంలో కూడా ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు, రక్తస్రావం భయం. గర్భిణులు డాక్టరును అడగకుండా ఇవేవీ వేసుకోకూడదు.

సోమవారం తలనొప్పి

రోజుల లెక్క ఎంత చెబుతుందో ఒక పాత కథ చూపిస్తుంది. 1847లో ఇటలీ రసాయనవేత్త సొబ్రేరో నైట్రోగ్లిజరిన్ తయారుచేసి, రవ్వంత నాలుకకు రాసుకుని చూశాడు. తల పగిలిపోయే నొప్పి. తర్వాత దాంతో డైనమైట్ చేసే ఫ్యాక్టరీల్లో కార్మికులు ఒకటి కనిపెట్టారు. సోమవారం పనిలోకి వస్తే తలనొప్పి, వారం మధ్యకు తగ్గుతుంది, ఆదివారం సెలవు తర్వాత సోమవారం మళ్లీ మొదలు. ఒళ్లు వారంలో అలవాటుపడి, ఒక్క సెలవుతో అలవాటు తప్పుతోందని గ్రహించి, కొందరు సెలవుకు ముందు టోపీ అంచులో కాస్త నైట్రోగ్లిజరిన్ రాసుకుని ఇంటికి వెళ్లేవారు. ఏ ప్రయోగశాలా లేకుండా, వారాన్ని చూసి, జబ్బు మూలం పట్టేశారు. ఆ పదార్థమే సన్నటి మోతాదులో గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర అయింది. ఇప్పటికీ దాంతో మొదటి ఫిర్యాదు తలనొప్పే.

మన ఊళ్లలో దీనికి తిరగేసిన కథ ఒకటుంది, ఆదివారం తలనొప్పి. వారమంతా తెల్లారి అయిదింటికే టీ తాగే మనిషి, సెలవు రోజు తొమ్మిదిదాకా పడుకుంటాడు. వేళకు కెఫీన్ అందని మెదడు నొప్పితో నిద్రలేపుతుంది. శనివారం రాత్రి మందు తోడైతే చెప్పనక్కర్లేదు. వేసుకున్న తలనొప్పి మాత్రలోనూ కెఫీనే ఉంటే, అది నొప్పిని తగ్గించినట్టే తగ్గించి అలవాటును ముదరబెడుతుంది.

క్యాలెండర్ మీద చుక్కలు

ఈ రోజుల లెక్కకు ఫోన్లో యాప్ అక్కర్లేదు. ప్రతి ఇంట్లో గోడకు వేలాడే తెలుగు క్యాలెండర్ చాలు. పాలవాడు రాని రోజు సున్నా చుట్టే కాగితమే. తలనొప్పి ఉన్న రోజు ఒక చుక్క. పని మాన్పించేంత నొప్పైతే చుక్క చుట్టూ గుండ్రం. మాత్ర వేసుకున్న రోజు ఒక గీత, ఎన్ని మాత్రలైనా గీత ఒకటే. నెలసరి మొదలైన రోజు ఒక గుర్తు. చోటుంటే ఒక ముక్క: "అన్నం లేదు", "నిద్ర లేదు", "మందు కొట్టాం", "తలంటు". రాత్రి పడుకునేముందు అర నిమిషం పని. ఇంట్లో ఇద్దరికీ ఉంటే రెండు రంగుల పెన్నులు.

తలంటు అని ఊరికే అనలేదు. తలస్నానం తర్వాత మైగ్రేన్ రావడం మన దేశంలోనే ఎక్కువగా కనిపిస్తుందని ముంబై డాక్టరు కె. రవిశంకర్ 94 మంది రోగుల్ని గమనించి 2006లో రాశారు. తడి జుట్టుతో ఎండలోకి వెళ్లొద్దన్న అమ్మమ్మ మాటకు అలా ఒక వైద్య పత్రిక చోటిచ్చింది. "మందు కొట్టాం" అన్నది కూడా ముఖ్యమే. పత్తికీ మిరపకూ పురుగుమందు చల్లిన సాయంత్రాల్లోనే చుక్కలు పడుతుంటే, అది మైగ్రేన్ కాకపోవచ్చు, విషం ఒంటికి పట్టిన మొదటి గుర్తు కావచ్చు. తలనొప్పితో పాటు చొంగ, చెమట, వాంతి, మసకచూపు ఉంటే మాత్ర కాదు, ఆసుపత్రి.

తొందరపడి నేరం మోపకూడదు కూడా. మైగ్రేన్ వచ్చేముందు రోజే కొందరికి ఆవలింతలు, మెడ పట్టేయడం, తీపి తినాలన్న కోరిక మొదలవుతాయి. మనం మిఠాయి తిని, మర్నాడు నొప్పి వస్తే మిఠాయిని తిడతాం. నిజానికి మిఠాయి అడిగించింది రాబోయే నొప్పే. ఒకసారి జరిగితే యాదృచ్ఛికం. మూడు నెలల్లో పదే పదే ఒకే జోడీ కనబడితే అప్పుడు అనుమానించాలి.

ఇప్పుడు ఆ ఇంట్లో మొదటి నెల కాగితం చూద్దాం. ఆమెవి 5 చుక్కలు, అయిదింటికీ గుండ్రాలు, 3 గీతలు. మూడు చుక్కలు నెలసరి గుర్తును ఆనుకుని ఉన్నాయి. ఒకటి ఏమీ తినకుండా కోతకెళ్లిన రోజు, ఇంకోటి శనివారం ఉపవాసం. ఈ కాగితం చూస్తే ఏ డాక్టరైనా రెండు నిమిషాల్లో మైగ్రేన్ అని చెప్పగలడు. ఎప్పుడు ముందుగా మాత్ర వేసుకోవాలో, ఏ పూట అన్నం మానకూడదో కూడా చెప్పగలడు. అతనివి 22 చుక్కలు, ఒక్కదానికీ గుండ్రం లేదు, 19 గీతలు. "అప్పుడప్పుడూ" అన్న మాట విలువ 19. అతన్ని స్కానింగుకు పంపేముందు ఆ గీతల గురించి మాట్లాడాలి.

ఇలా మాట్లాడటమే సగం వైద్యమని నార్వే డాక్టర్లు చూపించారు. అక్కడి మామూలు కుటుంబ వైద్యులు అతిగా మాత్రలు వాడేవాళ్లను నెలలో ఎన్ని రోజులని అడిగి, ఇది మందువల్ల కూడా కావచ్చని చెప్పి, తగ్గించమన్నారు. అంతే. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలల్లో దాదాపు సగం మందికి రోజువారీ తలనొప్పి వదిలింది. అలా చెప్పనివాళ్లలో వదిలింది 6 శాతం మందికే.

ఆపిన తర్వాత పది రోజులు

ఆపడం తేలిక కాదని ముందే చెప్పాలి, లేకపోతే మూడో రోజే షీటు మళ్లీ జేబులోకి వస్తుంది. మాత్ర ఆపాక రెండు నుంచి పది రోజుల వరకు నొప్పి పెరుగుతుంది. వికారం, చిరాకు, నిద్రలేమి ఉంటాయి. ఆ గండం దాటితే మెల్లగా దారి తెరుచుకుంటుంది. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి చాలామంది ఒక్కసారిగా మానేయవచ్చు. ట్రమడాల్, నిద్రమాత్రలు కలిసి ఉంటే డాక్టరు పర్యవేక్షణలోనే తగ్గించాలి. క్వారీలో ఎండలు ముదరని నెల చూసుకుని, ఇంట్లో చెప్పి మొదలుపెట్టడం మంచిది.

రోజూ వేసుకోదగిన మందులు వేరే ఉన్నాయి. అవి నొప్పిని ఆపేవి కావు, రాకుండా చూసేవి. ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలిన్ ఏళ్లుగా వాడుతున్న చవక మందులు. ఫ్లునారిజిన్, టోపిరమేట్ కూడా ఉన్నాయి. ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ పనికిరాదు, కాబట్టి డాక్టరు చూసి ఎంచాలి. ఇవి వారంలో ఫలితం చూపవు, రెండు నెలలైనా ఓపిక పట్టాలి. అవి పనిచేస్తున్నాయో లేదో చెప్పేది ఆ క్యాలెండరే. 22 చుక్కలు 11 అయితే మందు గెలిచినట్టు. చుక్కలు లేని మనిషి మాత్రం "ఇంకా వస్తూనే ఉంది డాక్టరుగారూ" అని, పనిచేస్తున్న మందును మానేస్తాడు.

ఎవరికైనా గుర్తుండే గీత ఒకటి: నొప్పిమాత్ర వారంలో రెండు రోజులు దాటకూడదు. మూడో రోజు అవసరమైతే అది మెడికల్ షాపుకు కాదు, డాక్టరుకు చెప్పాల్సిన సంగతి.

లెక్క ఆపి పరుగెత్తాల్సిన వేళ

కొన్ని తలనొప్పులకు క్యాలెండర్ కాదు, ఆటో కావాలి. పిడుగు పడ్డట్టు ఒక్క నిమిషంలో తారస్థాయికి చేరిన నొప్పి. జ్వరం, మెడ బిగుసుకుపోవడం. మూతి వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం. ఫిట్సు. తలకు దెబ్బ తగిలిన తర్వాత పెరిగే నొప్పి. ఎండలో ఉండి, మగతగా, పొంతన లేకుండా మాట్లాడటం. యాభై దాటాక జీవితంలో మొదటిసారి మొదలైన తలనొప్పి. గర్భంతో ఉన్నప్పుడు కళ్లు బైర్లు కమ్మే నొప్పి. దగ్గినా వంగినా పెరుగుతూ రోజురోజుకూ ముదిరే నొప్పి. వీటిలో ఏది కనిపించినా చీమకుర్తికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఒంగోలు పెద్దాసుపత్రి ఉంది. ఒక మాత్ర వేసి రేపు చూద్దామనుకోకూడదు.

మిగతా తలనొప్పులకు రేపు చూద్దాం అనడంలో తప్పులేదు, రేపటిని కూడా కాగితం మీద పెడితే. నెలాఖరున క్యాలెండర్ కాగితం తిప్పేముందు గీతలు లెక్కపెట్టండి. ఎనిమిదో తొమ్మిదో ఉంటే మామూలుగా తిప్పేయండి. పది, అంతకు మించి ఉంటే ఆ కాగితాన్ని చించి పారేయకండి. పాల లెక్క ఇంకో చోట రాసుకుని, దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇన్నాళ్లూ మాత్రల షీటు ఉన్న జేబులోనే పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.